గ్రేట్ ఓషన్ రోడ్డు: సొంతంగా కారులో వెళ్లి, దిగి నడిచి చూడాలనుకునేవాళ్లకి

మెల్‌బోర్న్‌కి చుట్టాలు వస్తే రెండో రోజుకల్లా వచ్చే మాట ఒకటుంది: "ఆ సముద్రం పక్కన రోడ్డుకి ఎప్పుడు తీసుకెళ్తావ్?" తీసుకెళ్లడం వరకూ బాగానే ఉంటుంది. ఆ తర్వాత వాళ్ల స్నేహితులు, ఆ స్నేహితుల స్నేహితులు ఫోన్ చేసి ఎక్కడ ఆగాలి, ఎన్ని రోజులు కావాలి, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారిని తీసుకెళ్లొచ్చా అని అడుగుతుంటారు. ఆ రోడ్డు మీద చాలాసార్లు తిరిగిన అనుభవంతో ఆ ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. టూర్ బస్సు ఎక్కేవాళ్లకి ఇది పెద్దగా పనికిరాదు.

అసలు ఈ రోడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, టోర్కీ అనే ఊరి దగ్గర మొదలై అలన్స్‌ఫర్డ్ దగ్గర ముగుస్తుంది. మొత్తం 243 కిలోమీటర్లు. బోర్డుల మీద బి100 అని ఉంటుంది. మెల్‌బోర్న్ నుంచి టోర్కీకి సుమారు 100 కిలోమీటర్లు, ట్రాఫిక్ లేకపోతే గంటా ఇరవై నిమిషాలు. ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా బయల్దేరితే ఎం80 రింగ్ రోడ్డు, ప్రిన్సెస్ ఫ్రీవే, జీలాంగ్ రింగ్ రోడ్డు మీదుగా రండి. ఆ దారిలో టోల్ లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు చనిపోయిన తోటివాళ్ల జ్ఞాపకార్థం వేసిన రోడ్డు ఇది. 1919లో మొదలుపెట్టి 1932లో పూర్తిచేశారు. పని ఎక్కువ భాగం గునపాలతో, పారలతోనే నడిచింది. ఈస్టర్న్ వ్యూ దగ్గర రోడ్డుకి అడ్డంగా చెక్క తోరణం ఒకటి కనిపిస్తుంది, దాని పక్కనే పార పట్టిన కూలీల విగ్రహం. ఒకప్పుడు టోల్ వసూలు చేసింది అక్కడే, 1936లో ఎత్తేశారు. అక్కడ అందరూ తోరణం కింద ఫొటో దిగి వెళ్లిపోతారు. మీరు ఒక్క నిమిషం ఆగి ఆ కొండవాలు వంక చూడండి. ఆ రాయిని మనుషులు చేత్తో తొలిచారని గుర్తొస్తే, తర్వాత వచ్చే ప్రతి మలుపూ వేరేగా కనిపిస్తుంది.

పొద్దున్నే వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చా?

వచ్చేయొచ్చు. కానీ వద్దు.

లెక్క చూడండి. మెల్‌బోర్న్ నుంచి ట్వెల్వ్ అపోస్టల్స్ (అంటే పన్నెండుమంది శిష్యులు, సముద్రంలో నిలువుగా నిలబడ్డ రాతి స్తంభాల పేరు) దాకా సముద్రం పక్క దారిలో, ఎక్కడా ఆగకుండా వెళ్తేనే నాలుగున్నర గంటలు పడుతుంది. తిరిగి రావడం కొలాక్ మీదుగా లోపలి హైవేలో అయినా ఇంకో మూడు గంటలు. అంటే స్టీరింగ్ వెనకే ఏడున్నర గంటలు. జూన్, జూలై నెలల్లో ఇక్కడ చలికాలం, పగలు ఉండేదే పది గంటల లోపు. ఇక నడిచేదెప్పుడు?

అమ్మానాన్నలు మొదటిసారి వచ్చినప్పుడు నేనూ ఇదే తప్పు చేశాను. లిస్టులో పదకొండు చోట్లు రాసుకున్నాను. ప్రతిచోటా దిగడం, ఫొటో, "పదండి పదండి, లేటవుతోంది" అనడం. ఏడో చోట కారు ఆపితే అమ్మ సీటు బెల్టు కూడా తియ్యలేదు. "ఏరా, సముద్రం చూడ్డానికి వచ్చామా, టైము చూడ్డానికి వచ్చామా?" అంది. ఇప్పుడా ఫొటోలు చూస్తే అన్నిట్లోనూ వెనక సముద్రం మారింది గానీ, ముందు మా మొహాలు మాత్రం ఒకేలా అలిసిపోయి ఉన్నాయి.

కనీసం ఒక రాత్రి ఉండండి. రెండు రాత్రులు దొరికితే ఇంకేం కావాలి.

అయితే రెండు రోజుల్ని ఎలా సర్దుకోవాలి?

ఒక్క రాత్రే అయితే అపోలో బేలో గది తీసుకోండి. మొదటి రోజు ఏరీస్ ఇన్లెట్‌లో లైట్‌హౌస్ దగ్గర ఓ అరగంట, లోర్న్‌లో భోజనం, ఎర్స్కిన్ జలపాతం, దారిలో కేప్ ప్యాటన్ దగ్గర ఆగి చూడడం, చీకటి పడేలోపు అపోలో బే. రెండో రోజు పొద్దున్నే బయల్దేరి మేట్స్ రెస్ట్ అడవిలో నడక, అక్కడి నుంచి గిబ్సన్ స్టెప్స్, అపోస్టల్స్, లాక్ ఆర్డ్ గార్జ్. తిరుగు ప్రయాణం కొలాక్ మీదుగా.

రెండో రాత్రి కూడా ఉండగలిగితే అది పోర్ట్ క్యాంప్‌బెల్‌లో గడపండి. చిన్న ఊరు, అపోస్టల్స్‌కి 12 కిలోమీటర్లే. సాయంత్రం బస్సులన్నీ వెళ్లిపోయాక ఒకసారి, మళ్లీ పొద్దున్నే ఇంకోసారి వెళ్లొచ్చు. సాయంత్రం పడమటి వైపు రాళ్లు నల్లటి నీడల్లా నిలబడతాయి, పొద్దున అవే రాళ్లు పసుప్పచ్చగా మెరుస్తాయి. రెండూ చూసినవాళ్లకి అవి ఒకే చోటివంటే నమ్మబుద్ధి కాదు. చీకటి పడే వేళ దాకా ఆగితే, కింద ఇసుక మీదికి చిన్న పెంగ్విన్లు గుంపుగా ఎక్కి రావడం కూడా పైనుంచే చూడొచ్చు. బైనాక్యులర్స్ ఉంటే తెచ్చుకోండి.

సెలవుల్లో ఈ ఊళ్లలో గదులు నెలల ముందే అయిపోతాయి. ముందు గది దొరికిన తేదీ చూసుకుని, తర్వాత ఆఫీసులో సెలవు అడగడం మేలు.

ఎటు నుంచి ఎటు వెళ్తే బాగుంటుంది?

తూర్పు నుంచి పడమరకి, అంటే టోర్కీ వైపు నుంచే. ఇక్కడ కూడా మనలాగే రోడ్డుకి ఎడమవైపు నడుపుతారు. పడమరకి వెళ్తుంటే సముద్రం మీ ఎడమ చేతి పక్కనే ఉంటుంది. సముద్రం పక్కన ఆగే చోటు ఏది కనపడినా ఎదురు వాహనాలకి అడ్డం వెళ్లకుండా లోపలికి తిప్పెయ్యొచ్చు. అటునుంచి ఇటు వస్తే ప్రతిసారీ ఎదురు లేను దాటాలి. ఒక్కటే ఇబ్బంది, మధ్యాహ్నం తర్వాత ఎండ నేరుగా కళ్లలో కొడుతుంది. కూలింగ్ గ్లాసెస్ తప్పనిసరి, అద్దం లోపలా బయటా తుడిచి పెట్టుకోండి.

ఎక్కడెక్కడ దిగి నడవాలి? అన్నీ చూడలేం కదా, మీరైతే ఏవి ఎంచుకుంటారు?

ఐదు చెప్తాను. వీటిలో మూడు చేసినా చాలు.

స్ప్లిట్ పాయింట్ లైట్‌హౌస్, ఏరీస్ ఇన్లెట్‌లో ఉంది. 1891 నాటిది, తెల్లటి ఒళ్లు, ఎర్రటి టోపీ. చుట్టూ కొండ అంచు మీద చిన్న నడక దారి. కాళ్లు సాగదీయడానికి మంచి మొదటి మజిలీ.

ఎర్స్కిన్ జలపాతం, లోర్న్ నుంచి కొండల్లోకి కొద్ది దూరం. ముప్పై మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. పై వ్యూపాయింట్ కారు పార్కింగ్‌కి దగ్గరే. కిందికి దిగాలంటే రెండు వందలకు పైగా మెట్లు. దిగేటప్పుడు హాయి, ఎక్కేటప్పుడు మాటలుండవు. వేసవి చివర్లో నీళ్లు సన్నగా ఉంటాయి. వారమంతా వానలు పడ్డాక వెళ్తే దాని అసలు రూపం తెలుస్తుంది.

మేట్స్ రెస్ట్, అపోలో బే దాటాక ఆట్వే నేషనల్ పార్కులో. కేవలం 800 మీటర్ల చుట్టు. అప్పటిదాకా ఎండ, గాలి, సముద్రం. ఇక్కడ కారు తలుపు వేసి నాలుగడుగులు లోపలికి వేస్తే చప్పుడంతా ఆగిపోతుంది. తలెత్తి చూడాల్సిన చెట్లు, వాటి మొదళ్లకి గొంగళి కప్పినట్టు నాచు, మనిషి కంటే ఎత్తైన ఫెర్న్‌లు. కొన్ని చెట్ల వయసు మూడు వందల ఏళ్ల దాకా ఉంటుందట. ఈ అడవుల్లో కొన్ని దారుల మొదట్లో బూట్లు తోముకునే బ్రష్షులు పెట్టి ఉంటాయి. చెట్ల వేళ్లని చంపే తెగులు మట్టితో పాటు బూట్లకి అంటుకుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతుంది, అందుకని. దాటి వెళ్లిపోకుండా రెండు సార్లు రుద్దండి.

గిబ్సన్ స్టెప్స్. 86 మెట్లు దిగితే ఇసుక. పైనుంచి బొమ్మల్లా కనిపించే రాళ్ల పక్కన కింద నిలబడితే మెడ నొప్పి పుడుతుంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఇసుకే ఉండదు, మెట్లు మూసేస్తారు కూడా. నేను రెండుసార్లు గేటు చూసి వెనక్కి తిరిగాను. పోటుపాట్ల వేళలు ముందు రోజే ఫోన్‌లో చూసుకోవడం మూడోసారికి గానీ తలకెక్కలేదు.

ఇక లాక్ ఆర్డ్ గార్జ్. మొత్తం రోడ్డు మీద ఒక్కటే చోట దిగమంటే నేను ఇక్కడే దిగుతాను. 1878 జూన్ 1న లాక్ ఆర్డ్ అనే ఓడ ఇంగ్లండ్ నుంచి మెల్‌బోర్న్‌కి వస్తూ, ఇక కొద్ది దూరమే ఉందనగా ఇక్కడి దీవికి గుద్దుకుని మునిగిపోయింది. ఓడలో 54 మంది, బతికింది ఇద్దరే. టామ్ పియర్స్ అనే కుర్ర నావికుడు, ఈవా కార్మైకేల్ అనే అమ్మాయి. అతను ముందు ఈ ఇరుకు సందులోకి కొట్టుకొచ్చాడు, అమ్మాయి కేకలు విని మళ్లీ నీళ్లలోకి దూకి ఆమెని ఒడ్డుకి లాగాడు, ఆ తర్వాత ఈ నిటారు గోడ ఎక్కి సాయం కోసం వెళ్లాడు. ఈవా ఆ ఓడలో అమ్మానాన్నల్ని, తోబుట్టువుల్ని పోగొట్టుకుంది. ఇద్దరికీ పెళ్లవుతుందని ఊరూవాడా ఎదురుచూసింది, అవలేదు. ఆమె ఐర్లాండ్ వెళ్లిపోయింది.

మెట్లు దిగి ఆ చిన్న ఇసుక మేట మీద నిలబడి వెనక్కి తిరిగి గోడ చూడండి. కథ విన్నప్పుడు "ఎక్కాడు" అనేది చిన్న మాట. అక్కడ నిలబడితే ఎక్కడ చెయ్యి పెట్టాడా అని కళ్లు వెతుకుతాయి. పక్కనే రెండు రాతి స్తంభాలకి టామ్, ఈవా అని పేర్లు పెట్టారు. 2009లో అక్కడున్న రాతి తోరణం కూలిపోతే మిగిలినవి అవి. పైన చనిపోయినవాళ్ల సమాధులు కూడా ఉన్నాయి, ఆ దారిలో జనం తక్కువ.

అపోస్టల్స్ నిజంగా పన్నెండు ఉన్నాయా?

ఎప్పుడూ లేవు. ఒకప్పుడు వాటి పేరు వేరు, "ఆడపంది, పందిపిల్లలు" అని పిలిచేవాళ్లు. పర్యాటకుల కోసం పేరు మార్చారు. 2005 జూలైలో ఒకటి కళ్లముందే కుప్పకూలింది. ఇప్పుడు ఎనిమిది మిగిలాయి. సున్నపురాయి కదా, అల మొదట్లో కొరుకుతూనే ఉంటుంది. ఆ కొరకడం వల్లే ఇవి ఏర్పడ్డాయి, ఆ కొరకడం వల్లే పోతాయి.

అమ్మానాన్నలకి మోకాళ్ల నొప్పులు. తీసుకెళ్లొచ్చా?

నిస్సంకోచంగా. అపోస్టల్స్ దగ్గర పార్కింగ్ నుంచి రోడ్డు కింద సొరంగం లాంటి దారిలో వెళ్తే వ్యూపాయింట్ వస్తుంది, మంచి బాట, వీల్‌చెయిర్లు కూడా వెళ్తాయి. లాక్ ఆర్డ్ దగ్గర కిందికి దిగకపోయినా పైనుంచి చూడొచ్చు. లోర్న్‌లో టెడ్డీస్ లుకౌట్ దాకా కారే వెళ్తుంది. గిబ్సన్ మెట్లు, ఎర్స్కిన్ అడుగు భాగం మాత్రం వాళ్లకి వద్దు.

అసలు సమస్య మోకాళ్లు కాదు, కడుపు. లోర్న్ నుంచి అపోలో బే దాకా 45 కిలోమీటర్లు మలుపు మీద మలుపు. అపోలో బే తర్వాత లేవర్స్ హిల్ దాకా అడవిలో ఇంకా మెలికలు. తిన్న వెంటనే బయల్దేరొద్దు. కళ్లు తిరిగేవాళ్లని ముందు సీట్లో కూర్చోబెట్టండి, ఫోన్ చూడనివ్వకండి, ఓ కవరు చేతికందేలా ఉంచండి. నాన్న "నాకేం కాదు" అన్నారు. ఆయనకే అయింది.

ఇండియా లైసెన్సుతో నడపొచ్చా? రోడ్డు కష్టంగా ఉంటుందా?

టూరిస్టుగా వచ్చినవాళ్లు చెల్లుబాటులో ఉన్న ఇండియా లైసెన్సుతో నడపొచ్చు, దాని మీద వివరాలు ఇంగ్లీషులో ఉండాలి. కారు అద్దెకిచ్చేవాళ్లు ఇంకేమైనా అడుగుతారేమో బుక్ చేసేటప్పుడే కనుక్కోండి.

ఘాట్ రోడ్డు మీద నడిపినవాళ్లకి ఇది కష్టం కాదు. అలవాటు చేసుకోవాల్సింది మర్యాదలు. వెనక నాలుగు కార్లు చేరితే "స్లో వెహికల్ టర్నౌట్" అని బోర్డులున్న చోట పక్కకి తిప్పి దారివ్వండి. కోలా కనపడిందని రోడ్డు మధ్యలో బ్రేకు వెయ్యకండి. ఇది నవ్వులాట కాదు, మలుపు చాటున వచ్చేవాడికి మీరు కనపడరు. హారన్ అవసరం దాదాపు రాదు. స్పీడు పరిమితి చోటు చోటుకీ మారుతుంది, కెమెరాలున్నాయి, ఫైన్లు గట్టిగా ఉంటాయి. ఫోన్ చేత్తో ముట్టుకోవడం నేరం.

చీకటి పడ్డాక ఆట్వే అడవిలో నడపకపోవడం మంచిది. పొద్దుగూకే వేళ కంగారూలు, వాలబీలు రోడ్డు మీదికి గెంతుతాయి. అడ్డం వస్తే బ్రేకు వెయ్యండి, పక్కకి కోసి తిప్పకండి. ఓ పక్క లోయ, ఇంకో పక్క కొండ.

ఏ నెలలో వెళ్లాలి?

ఇక్కడ కాలాలు తలకిందులు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండాకాలం. నా ఓటు మార్చి, ఏప్రిల్ మొదటివారాలకి: గాలి తగ్గుతుంది, పగలు ఇంకా పొడుగ్గానే ఉంటుంది, బడి సెలవులు లేని వారం చూసుకుంటే జనం పల్చబడతారు. జనవరిలో, ఈస్టరు సెలవుల్లో లోర్న్‌లో పార్కింగ్ దొరకడమే ఒక పని. మే నెలలో పరుగుపందెం ఒకటి జరుగుతుంది, ఆ పొద్దున లోర్న్, అపోలో బే మధ్య రోడ్డు మూసేస్తారు, తేదీ చూసుకోండి.

చలికాలాన్ని కొట్టిపారెయ్యొద్దు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వార్నంబూల్‌లోని లోగన్స్ బీచ్‌కి తిమింగలాలు పిల్లల్ని కనడానికి వస్తాయి, ఒడ్డు నుంచే చూడొచ్చు. అలలు కూడా అప్పుడే ఉగ్రంగా ఉంటాయి. ఏ కాలమైనా గాలి ఆపే జాకెట్ ఉండాలి. అపోస్టల్స్ దగ్గర నుంచి నేరుగా దక్షిణాన అంటార్కిటికా దాకా అడ్డంగా ఏ నేలా లేదు, ఆ గాలి నేరుగా మీ చెవుల్లోకే వస్తుంది.

సముద్రంలో దిగొచ్చా?

ఎరుపు పసుపు జెండాలు పాతి, లైఫ్‌సేవర్లు కాపలా ఉన్న చోట, ఆ రెండు జెండాల మధ్యే దిగాలి. లోర్న్, అపోలో బే, టోర్కీల్లో వేసవిలో ఉంటారు. గిబ్సన్ స్టెప్స్ దగ్గర, లాక్ ఆర్డ్ దగ్గర మోకాలి లోతు కూడా వద్దు. పైకి నెమ్మదిగా కనిపించే నీళ్లే లోపలికి లాక్కుపోతాయి. ఈత బాగా వచ్చినా ఇదే మాట. కొండ అంచుల్లో కంచె దాటి సెల్ఫీలు తీసుకునేవాళ్లు కనపడతారు. సున్నపురాయి అంచు కింద బోలుగా ఉంటుంది, పైనుంచి తెలీదు. అత్యవసరమైతే 000కి ఫోన్ చెయ్యండి.

కోలాలు ఎక్కడ కనపడతాయి?

కెన్నెట్ రివర్ అనే ఊళ్లో గ్రే రివర్ రోడ్డు ఎక్కి, తలెత్తి కొమ్మల చీలికల్లో వెతకండి. చెట్టుకి బూడిద రంగు గుడ్డ మూట ఇరుక్కున్నట్టు ఉంటుంది. అది కదలదు, రోజులో ఎక్కువ భాగం నిద్రే. కంగారూలు యాంగిల్సీ గోల్ఫ్ మైదానంలో మందలుగా ఉంటాయి. చిలకలకి గింజలు పెట్టడం సరదాగా కనిపిస్తుంది గానీ వాటికి జబ్బులొస్తాయి, పెట్టకండి.

పెట్రోలు, సిగ్నల్, సామాన్ల సంగతి?

అపోలో బేలో ట్యాంకు నింపండి. "ఇంకా కాస్త ఉందిలే" అనుకుని ఒకసారి లేవర్స్ హిల్ చేరేసరికి ఎర్ర లైటు వెలిగి, ఏసీ ఆపేసి, పాటలు ఆపేసి, అందరం ముళ్ల మీద కూర్చున్నాం. పాటలు ఆపితే పెట్రోలు ఎలా మిగులుతుందో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. అడవిలో సిగ్నల్ పోతుంది, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పట్టున్న బూట్లు, నీళ్లు, టోపీ, సన్‌స్క్రీన్. మబ్బు పట్టినా ఇక్కడి ఎండ చర్మాన్ని కాలుస్తుంది. వెచ్చటి నెలల్లో దారుల్లో పాములు తిరుగుతాయి, బాట వదలకుండా నడిస్తే చాలు.

డ్రోన్ ఎగరేయొచ్చా?

నేషనల్ పార్కుల్లో అనుమతి లేకుండా కుదరదు. అపోస్టల్స్, లాక్ ఆర్డ్ రెండూ ఆ కిందికే వస్తాయి. ఇంట్లో పెట్టి రండి.

రోడ్డు మూసేస్తారా?

అప్పుడప్పుడు. 2015 క్రిస్మస్ రోజున వై రివర్, సెపరేషన్ క్రీక్ ఊళ్లలో కార్చిచ్చుకి నూటికి పైగా ఇళ్లు కాలిపోయాయి. చెట్లు పోయిన ఆ వాలు మీద మరుసటి ఏడాది వానలకి కొండచరియలు విరిగి రోడ్డు మీద పడ్డాయి. వేసవిలో బయల్దేరే ముందు విక్‌ఎమర్జెన్సీ యాప్‌లో మంటల హెచ్చరిక చూడండి. అన్నిటికన్నా పెద్ద హెచ్చరిక "కెటాస్ట్రోఫిక్" అని ఉంటే ఆ రోజు ఇంకెక్కడికైనా వెళ్లండి, గది డబ్బులు పోయినా సరే. నడక దారులు మూసిన సంగతి పార్క్స్ విక్టోరియా వెబ్‌సైట్లో ఉంటుంది.

అపోస్టల్స్ చూశాక వెనక్కి తిరిగేయొచ్చా?

చాలామంది అక్కడే తిరిగేస్తారు. అందుకే ఆ తర్వాతి ముక్క నాకు ఇంకా ఇష్టం. పోర్ట్ క్యాంప్‌బెల్ దాటగానే లండన్ బ్రిడ్జ్ వస్తుంది. ఒడ్డుకి అతుక్కుని రెండు కమానుల వంతెనలా ఉండేది. 1990 జనవరి 15న ఒడ్డు వైపు కమాను కూలిపోయింది. అప్పుడే అవతలికి నడిచి వెళ్లిన ఇద్దరు సముద్రం మధ్యలో చిక్కుకుపోతే హెలికాప్టర్ వచ్చి తీసుకెళ్లింది. ఆ తర్వాత గ్రాటో, ఇంకా ముందుకెళ్తే బే ఆఫ్ ఐలాండ్స్. అక్కడ కూడా నీళ్లలో రాళ్లే, లెక్కపెట్టలేనన్ని. అపోస్టల్స్‌కి ఉన్నంత పేరు లేదు కాబట్టి బస్సులు తక్కువ. ఓ సాయంత్రం అరగంట పాటు అక్కడ నేనూ, ఫ్లాస్కులో టీ తాగుతున్న ఓ పెద్దాయనా తప్ప ఎవరూ లేరు.

మొత్తం నడిచే వెళ్లాలనిపిస్తే?

దానికి వేరే దారి ఉంది, గ్రేట్ ఓషన్ వాక్. అపోలో బే నుంచి అపోస్టల్స్ దాకా అడవుల్లో, కొండ అంచుల మీద, ఇసుకలో వంద కిలోమీటర్ల పైచిలుకు. పూర్తిగా నడవాలంటే వారం పైనే కేటాయించాలి. దారిలోని నడక క్యాంపులు పార్క్స్ విక్టోరియా దగ్గర ముందే బుక్ చేసుకోవాలి, క్యాంపు చేసేవాళ్లు తూర్పు నుంచి పడమరకే నడవాలి. వారం లేకపోతే ఓ రోజు ముక్క నడవండి. గుంపులో ఒకరు కారు తీసుకుని ముందు ఊళ్లో ఎదురుచూస్తే సరిపోతుంది, మలుపులకి కడుపు తిప్పేవాళ్లయితే నడక వైపు వెంటనే చేరిపోతారు. మా నాన్న అలాగే చేరారు.